నాన్న ఆట



మాది చెన్నైలోని పురసవాక్కం. నేను బడిపంతుల్ని. పొగ తాగడం తప్పని పిల్లలకు తెలుగులోనూ తమిళంలోనూ చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చాక మాత్రం ఎనిమిదేళ్ల మా అబ్బాయి చేతికి డబ్బిచ్చి, వీధి చివరి కొట్టు నుంచి సిగరెట్లు తెప్పించుకునేవాణ్ణి. ఒకనాడు వాడు నా సుద్దముక్కను వేళ్ల సందున పట్టుకుని పొగ వదులుతున్నట్టు ఊదుతున్నాడు. "ఏమిట్రా అది?" అన్నాను. "నాన్న ఆట" అన్నాడు.

ఆ రోజే మానాలనుకున్నాను. రెండుసార్లు ఓడిపోయి, మూడోసారి నెగ్గాను. పొగాకులోని నికోటిన్‌కు మెదడు అలవాటు పడుతుంది. అందుకే మానిన కొత్తలో చిరాకు, నిద్రలేమి. కోరిక పుట్టినా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ కాసేపూ మంచినీళ్లు తాగి, గంగాధరేశ్వరుని గుడిదాకా నడిచి వచ్చేవాణ్ణి. ఒంటరిగా చేతకాకపోతే, 1800-11-2356 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి సలహా అడగవచ్చు. పొగ రాదు కదా అని నమిలే పొగాకుకు మారకండి. అది నోటి క్యాన్సర్ తెస్తుంది.

2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మకూడదు. బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. కొట్టువాణ్ణి తప్పుపట్టే ముందు, పిల్లవాడి చేతికి డబ్బిచ్చిందెవరో తలచుకుందాం. నేనే వెళ్లి ఆ కొట్టాయనతో చెప్పాను: "పిల్లలు వస్తే ఇవ్వకండి, పెద్దల్నే రమ్మనండి." ఆయన సరేనన్నారు.

ఈ సాయంత్రం మీవాణ్ణి కొట్టుకు పంపేముందు ఒక్క క్షణం ఆగండి. సెలవు.