స్టీల్ ఫర్మెంటర్ కొనే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు, రాత రూపంలో)

ఈ వారం ప్రశ్న ఇంగ్లండ్‌లో ఉన్న మన తమ్ముళ్లది. "అన్నా, రూమ్‌లో ప్లాస్టిక్ బకెట్ల బీరు పెట్టుకుంటున్నం. ఇప్పుడు స్టీల్ ఫర్మెంటర్ కొందామనుకుంటున్నం. ఆన్‌లైన్ల చూస్తే వంద రకాలున్నయి. నువ్వు ఐటీఐ వెల్డర్‌వి గదా, ఏది కొనాలె?" అని అడిగారు. ఇప్పుడు సైట్ మీద సూపర్‌వైజర్‌గా తిరుగుతున్నా గానీ చేతికి వచ్చిన పని వెల్డింగే. తెలిసినకాడికి చెప్తా.

ముందు గల్ఫ్ నుంచి వింటున్నవాళ్లకు ఒక మాట. ఇది మీ కోసం కాదు. కువైట్‌లో, సౌదీలో ఇంట్లో బీరు పెట్టడం నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఇంటికి టికెట్టు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన దొంగ మందు తాగి 23 మంది చనిపోయారు. మొత్తం 160 కేసులని అక్కడి ఆరోగ్య శాఖే చెప్పింది. అందరూ మనలాగే ఆసియా నుంచి పనికి పోయినవాళ్లు. క్యాంపులో ఎవరన్నా సీసా తెచ్చి పోస్తే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ఇంగ్లండ్ సంగతి వేరే. 1963లో రెజినాల్డ్ మాడ్లింగ్ అనే ఆర్థిక మంత్రి ఇంటి బీరుకు లైసెన్స్ అక్కర్లేదని చేశాడు. మీరు తాగడానికి మీరు పెట్టుకోవచ్చు. కానీ పక్క రూమ్ వాడికి ఒక్క పౌండుకు అమ్మినా తప్పే. లైసెన్స్ లేకుండా బట్టీ పెట్టి స్పిరిట్ తీసినా తప్పే. వీసా మీద ఉన్నవాళ్లం, రెండు పౌండ్ల కోసం కేసు తెచ్చుకోవద్దు.

ఇక సంగతికి వద్దాం. అసలు స్టీల్ ఎందుకు?

మన ఊళ్లో తాటిచెట్టుకు కట్టే లొట్టి గుర్తు తెచ్చుకోండి. అది మట్టిది. మట్టికి సన్న సన్న రంధ్రాలుంటాయి. నిన్నటి కల్లులోని ఈస్టు ఆ గోడల్లో దాక్కుని ఉంటది. కొత్త నీరా పడంగనే పులవడం మొదలు. కల్లుకు అది మంచిదే. బీరుకు మాత్రం మనం వేసిన ఈస్టు ఒక్కటే పని చేయాలె. పాత బ్యాచ్ తాలూకు ఏ పురుగూ మిగలొద్దు. ప్లాస్టిక్ బకెట్ కొత్తగా ఉన్నప్పుడు బాగానే ఉంటది. పీచు పెట్టి రుద్దితే గీతలు పడతాయి, ఆ గీతల్లో లొట్టి సంగతే జరుగుతది. గాజు జాడీకి గీతలు పడవు గానీ తడి చేతుల్లోంచి జారితే చెయ్యి కోసుకుపోతది. స్టీల్ పగలదు, గీత తొందరగా పడదు, లోపలికి వెలుతురు పోదు. అయితే ఇదంతా స్టీల్ లోపల నున్నగా ఉంటేనే. లోపల గరుకుగా ఉన్న స్టీల్ డబ్బా కన్నా కొత్త ప్లాస్టిక్ బకెట్ నయం. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

మొదట గ్రేడ్ చూడండి. 304 సరిపోతది. అందులో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. 316 అని ఎక్కువ ధర చెప్తారు. దాంట్లో మాలిబ్డినం కలుస్తది, సముద్రం పక్కన, ఉప్పు తగిలే చోట పనికొస్తది. బీరుకు అంత అవసరం లేదు. కొందరు అయస్కాంతం పెట్టి చూడమంటారు. గట్టిగా అంటుకుంటే అది 430 లాంటి రకం, వదిలేయండి. కానీ 304 కూడా వంచిన చోట, అంచుల దగ్గర కొంచెం అంటుకుంటది, దానికి భయపడొద్దు. ఇంకో సంగతి, తక్కువ రకం 201 కూడా అయస్కాంతానికి అంటుకోదు. కాబట్టి అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు. గ్రేడ్ రాసి ఇచ్చేవాడి దగ్గరే కొనండి.

రెండోది వెల్డు. ఫొటోల్లో బయట అద్దంలా మెరుస్తది, దానికి పడిపోవద్దు. ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి. వెల్డు పక్కన నీలం, నలుపు రంగు ఉందంటే అక్కడ పైపొర కాలిపోయిందన్నట్టు, తుప్పు మొదలయ్యేది అక్కడే. వెనక వైపు ఆర్గాన్ పర్జింగ్ లేకుండా టిగ్ వెల్డింగ్ చేస్తే లోపలి వైపు చక్కెర పలుకుల్లా గరుకు తేలుతది. వెల్డు మీద దూది రుద్దండి. పోగు పట్టుకుంటే పురుగు కూడా పట్టుకుంటది. ఆన్‌లైన్‌లో కొంటే లోపలి ఫొటో అడగండి. ఇవ్వకపోతే ఇంకో షాపు చూసుకోండి.

మూడోది కుళాయి. బాల్ వాల్వ్ లోపల, గుండు వెనక కొంచెం బీరు నిలుస్తది, తిప్పి కడిగితే పోదు. ప్రతి బ్యాచ్‌కు విప్పదీసి కడగగలిగేదే తీసుకోండి. స్పానర్ లేకుండా చేత్తో విప్పే క్లాంప్ ఫిట్టింగులైతే ఇంకా మంచిది. మూత వెడల్పుగా ఉండాలె, మోచేయి దాకా లోపలికి పోవాలె. చెయ్యి చేరని చోటుకు డబ్బు పెట్టొద్దు.

నాలుగోది ప్రెషర్. ఇక్కడ ప్రాణం సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. కొందరు గ్యాస్ బయటికి పోనీయకుండా మూత బిగించి పులియబెడతారు. 30 సెంటీమీటర్ల మూత మీద ఒక్క బార్ ప్రెషర్ అంటే దాదాపు 700 కిలోల బలం. మన ఊరి 50 కిలోల సిమెంటు బస్తాలు 14, కింది నుంచి మూతను పైకి తోస్తున్నట్టు. మామూలు ఫర్మెంటర్ క్లిప్పులు దానికి ఆగవు. ఎంత ప్రెషర్‌కు ఆగుతదో రాసి, రిలీఫ్ వాల్వ్ ఉన్న వాటినే ప్రెషర్‌కు వాడాలె. మిగతా వాటికి ఎయిర్‌లాక్ తప్పనిసరి.

ఆ బయటికొచ్చే గ్యాస్ తక్కువేం కాదు. 23 లీటర్ల, 5 శాతం బీరు పులిసేసరికి దాదాపు 450 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తది. సైట్ మీద కన్‌ఫైన్డ్ స్పేస్ గురించి చెప్పింది ఇంట్లో కూడా వర్తిస్తది. మూసిన అల్మారాలో, పడుకునే మంచం పక్కన పెట్టొద్దు. గాలి ఆడే చోట పెట్టండి. మూత తీసి తల లోపలికి పెట్టొద్దు.

సైజు విషయానికొస్తే, 23 లీటర్ల బ్యాచ్‌కు 28 నుంచి 30 లీటర్ల పాత్ర కావాలె, నురగ పైకి లేస్తది గదా. నిండిన తర్వాత పాత్రతో కలిపి 28 కిలోలు దాటుతది. సైట్ మీద మగవాళ్లకు నడుము ఎత్తులో 25 కిలోలే గైడ్‌లైన్ అని మీకు తెలుసు. అందుకే పాత్రను ముందే బల్ల మీద పెట్టి, తర్వాత నింపండి. ఇంకోటి, స్టీల్ చలిని ఆపదు. రాత్రి హీటర్ ఆగితే బీరు కూడా చల్లబడతది. ఇంగ్లిష్ ఏల్ ఈస్టుకు 18 నుంచి 20 డిగ్రీలు కావాలె. పాత జాకెట్ చుట్టినా నడుస్తది.

కొన్నాక ముందు సబ్బు నీళ్లతో కడగండి, ఫ్యాక్టరీ నూనె ఉంటది. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక గంట నింపి ఉంచండి, పైపొర గట్టిపడతది. ఆ తర్వాత ప్రతిసారీ సోడియం పర్‌కార్బనేట్ చాలు. బ్లీచ్ ముట్టించొద్దు, దాంట్లోని క్లోరిన్ స్టీల్‌కు చిన్న గుంటలు పెడతది. ఇనుప పీచు అసలే వద్దు, దాని ముక్కలు ఇరుక్కుని అక్కడే తుప్పు లేస్తది.

మరి ఏది కొనాలె? రెండు మూడు నెలలకు ఒకసారి పెట్టేవాళ్లకు కొత్త ప్లాస్టిక్ బకెట్ చాలు. మిగిలిన డబ్బుతో హైడ్రోమీటర్, థర్మామీటర్ కొనండి. నెల నెలా పెట్టేవాళ్లు వెడల్పు మూత, విప్పే కుళాయి ఉన్న సాదా స్టీల్ బకెట్ తీసుకోండి. కింద గరాటు ఆకారంలో ఉండే కోనికల్ చూడ్డానికి బాగుంటది. అడుగున దిగిన ఈస్టును తీసి మళ్లీ వాడుకునే అలవాటు ఉన్నవాళ్లకే దాని ధర గిట్టుబాటు. నలుగురు కలిసి ఒకటి కొన్నా తప్పు లేదు, ఎవరు కడగాలో మాత్రం ముందే మాట్లాడుకోండి.

చివరికి ఒక్కటి. పొద్దున పని ఉంటే రాత్రి గ్లాసు లెక్కపెట్టి తాగండి. చాలా సైట్లలో ఊది చూపించమంటారు, రాత్రి తాగింది పొద్దున కూడా దొరుకుతది. వెల్డు ఫొటో చూసి చెప్పమంటే పంపండి, చూసి చెప్తా. ఉంటా మరి.