బి.ఏ. పట్టభద్రులు - పోలీసు ఉద్యోగము
(కృష్ణా డెల్టా గ్రామ యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



“బి.ఏ. చదివినవానికి పోలీసు శాఖలో ఏమి పని?” అని మన గ్రామములలో పెద్దలు అడుగుచుందురు. కండబలము గలవారికే ఆ ఉద్యోగము తగునని వారి తలంపు. చరిత్ర, రాజనీతి, తెలుగు చదువుచున్న విద్యార్థులు ఆ మాట విని నిరుత్సాహపడుచున్నారు. ఆ తలంపు సరికాదని మనవి చేయుటకే నేడు మీ ముందు నిలిచితిని.

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరిన కాలువ నీరు చివరి పొలములకు చేరుసరికి సన్నగిల్లును. నాట్ల కాలమున నీటి తగవులో తీవ్రముగా గాయపడిన రైతు ఒకడు అర్ధరాత్రి పోలీసు స్టేషనుకు వచ్చెననుకొనుడు. భయముచేత ముందు మాట వెనుక, వెనుక మాట ముందు చెప్పును. అప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరుకు కావలసినది లాఠీ కాదు. ఓపికతో వినవలెను, విన్నది ఉన్నదున్నట్లు వ్రాయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము, ఇట్టి నేరమును గూర్చి నోటితో చెప్పిన ఫిర్యాదును వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొని, ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. ఆ కాగితములో పేరొకటి అధికముగా పడినచో నిరపరాధి కోర్టుల చుట్టు తిరుగును. ముఖ్యమైన మాట తప్పిపోయినచో బాధితునకు న్యాయము దూరమగును. భాషయు, చట్టమును, మనుష్య స్వభావమును తెలిసినవాడే ఈ పనికి తగినవాడు.

ఇక ఎంపిక విషయము. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక మండలి 411 సబ్ ఇన్‌స్పెక్టరు పోస్టులకు ప్రకటన చేసినది. ఏ విషయములోనైనను డిగ్రీ చాలును. మొదట రెండు పత్రముల ప్రాథమిక పరీక్ష, తరువాత దేహదారుఢ్య పరీక్ష, చివర ఇంగ్లీషు, తెలుగు, అంకగణితము-తర్కము, సామాన్య విజ్ఞానము అను నాలుగు పత్రములు. పురుషులు 1,600 మీటర్లు 8 నిమిషములలో, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలో పరుగెత్తవలెను.

సామాన్య విజ్ఞానములోని చరిత్ర, భూగోళము, రాజ్యాంగము బి.ఏ. విద్యార్థికి సొంత పొలమువంటివి. అతడు తడబడునది లెక్కలలో, పరుగులో. కావున ప్రకటన వెలువడువరకు వేచియుండక, మొదటి సంవత్సరము నుండియే వేకువన కాలువ గట్టుపై పరుగెత్తుడు. పగలొక గంట లెక్కలు చేయుడు. సాయంకాలము గ్రంథాలయమున పత్రిక చదివి, ఒక వార్తను తెలుగున, ఇంగ్లీషున ఒక్కొక్క పుటగా వ్రాయుడు.

మరి రెండు మాటలు. ఉద్యోగమిప్పింతుమను దళారులకు తండ్రి కష్టార్జితమును ధారపోయకుడు. నియామకమునకు ముందు పూర్వ ప్రవర్తన విచారణ జరుగును. కావున ఊరి కొట్లాటలకు దూరముగా నుండుడు.

పోస్టులు కొన్నియే, అభ్యర్థులు వేలు. అందరికిని ఉద్యోగము లభింపదు. అయినను చట్టము తెలిసి, అర్జీ వ్రాయగల యువకుడు ఊరిలో ఒక్కడున్నను, ఆ అర్ధరాత్రి రైతు స్టేషనుకు ఒంటరిగా పోనక్కరలేదు. మీ చదువు ఏ విధముగను వృథా కాదు.