మత్తు నర్సుకు డాక్టరేటు, మంత్రసానికి 18 నెలలు

మహేశ్వరంలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలకు 50 ఎంబీబీఎస్ సీట్లు వచ్చాయి. రేపటి డాక్టర్ల సంగతి సరే, రాత్రంతా మంచం పక్కన నిలబడే నర్సు చదువు మాటేమిటి?

అమెరికాలో మత్తు ఇచ్చే నర్సుకు ఒకప్పుడు మాస్టర్స్ చాలు. 2022 జనవరి నుంచి కొత్తగా చేరేవాళ్లు డాక్టరేటు కోర్సులోనే చేరాలి. పాతవాళ్ల డిగ్రీ చెల్లుతుంది లెండి.

మన దగ్గర మత్తు ఇవ్వడం డాక్టరు పనే. మార్పు కాన్పు గదిలో వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. నొప్పులు పడుతున్న తల్లి నడుము నిమరడం, అరగంటకోసారైనా బిడ్డ గుండె చప్పుడు వినడం, అన్నీ పాఠాలే. పాత మంత్రసానితనం పుస్తకాలు పట్టుకుని తిరిగొచ్చిందన్నమాట! 2018 డిసెంబరులో కేంద్రమూ 18 నెలల లెక్కే ఖాయం చేసింది.