లిటిల్ అంటే కొంచెమా, కొంచెమేనా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న మాట గురించి. దాని అర్థం కూడా చిన్న అనే. లిటిల్.

బీటెక్ అయ్యాక నా మొదటి ఇంటర్వ్యూ. జావా వచ్చా అని అడిగారు. “ఐ నో లిటిల్ జావా” అన్నాను. నా మనసులో ఉన్నది, “కొంచెం వచ్చు సార్, మిగతాది నేర్చుకుంటాను” అని. ఆయన, “మరి రెజ్యూమేలో ఎందుకు రాశావు?” అన్నారు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణమని చెప్పను. కానీ నేను ఏమన్నానో నాకే తెలియకుండా అన్నాను.

“ఐ నో ఎ లిటిల్ జావా” అంటే కొంచెం వచ్చు. “ఐ నో లిటిల్ జావా” అంటే పెద్దగా రాదు. తేడా అంతా ముందున్న ‘ఎ’ ఒక్కటే. తెలుగులో అలాంటి మాట లేదు కాబట్టి మనం దాన్ని తేలిగ్గా వదిలేస్తాం.

అలాగని ఈ తేడా మనకి కొత్త కాదు. మా వెలిగండ్ల వైపు కంది వేసే రోజుల్లో ఇంటికి ఫోన్ చేసి, “నాన్నా, వాన పడిందా?” అని అడుగుతాను. “కొంచెం పడిందిరా” అంటే ఆశ ఉన్నట్టు. “కొంచెమే పడిందిరా” అంటే పదును కాలేదు, విత్తనాల సంచి విప్పే పని లేదు. పడిన వాన రెండుసార్లూ అంతే కావచ్చు. చెప్పే మనిషి ఉన్నదాన్ని చూస్తున్నాడా, లేనిదాన్ని చూస్తున్నాడా అన్నదే తేడా.

ఇప్పుడు తమాషా చూడండి. ఇంగ్లీషులో ముందు ‘ఎ’ పెడితే ఆశ వస్తుంది. తెలుగులో చివర ‘ఏ’ పెడితే ఆశ పోతుంది. దాదాపు ఒకే శబ్దం, పని మాత్రం తలకిందులు. ఇలా గుర్తుపెట్టుకుంటే ఇక మర్చిపోరు.

లిటిల్ అనేది లెక్కపెట్టలేని వాటికి: నీళ్లు, టైమ్, డబ్బు, అనుభవం. లెక్కపెట్టేవాటికి ఫ్యూ. అక్కడా ఇదే రూల్. “ఐ ఫిక్స్‌డ్ ఎ ఫ్యూ బగ్స్” అంటే కొన్ని సరిచేశాను. ‘ఎ’ తీసేస్తే, పెద్దగా ఏమీ చేయలేదని మీరే ఒప్పుకున్నట్టు. అనుమానంగా ఉంటే ‘సమ్’ అనండి. “ఐ హావ్ సమ్ ఎక్స్‌పీరియన్స్” అంటే ఏ గొడవా లేదు.

ఇంకొకటి. తమ్ముణ్ని ‘మై స్మాల్ బ్రదర్’ అనకండి, ‘మై లిటిల్ బ్రదర్’ అనండి. స్మాల్ అంటే సైజు చెప్పినట్టుంటుంది. లిటిల్‌లో వయసూ ఉంది, ముద్దూ ఉంది.

మనకి వచ్చిందే కొంచెం. దాన్ని కూడా రాదని మన నోటితో మనమే చెప్పుకోకూడదు కదా. ఇంటర్వ్యూకి వెళ్లే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపండి. ఇలా మీరు తడబడ్డ మాట ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.