గుండె లయ తప్పితే

ఒడియాలో "ఛాతి ధడపడ" అన్నా, మన తెలుగులో "గుండె దడ" అన్నా, ఖల్లికోట నుంచి బరంపురం దాకా దానికి చాలామంది చెప్పుకునే కారణం ఒక్కటే: గ్యాసు! మెట్లెక్కినప్పుడు దడ సహజం. కూర్చున్నచోటే ఉన్నట్టుండి మొదలైతే మాత్రం అలా సరిపెట్టుకోకండి.

మణికట్టు మీద, బొటనవేలి మొదలుకు కాస్త కింద, రెండో చేతి రెండు వేళ్ళు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 దాకా మామూలే. అంకె ఎంత ముఖ్యమో, తాళం అంతకన్నా ముఖ్యం. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన లేకపోతే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. గుండె పైగదులు సరిగా ముడుచుకోక వణుకుతాయి. అక్కడ నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే.

వయసు, రక్తపోటు దీనికి కారణాలు. మన దేశంలో మరొకటుంది. చిన్నతనంలో గొంతునొప్పి వెంట వచ్చిన కీళ్ళవాతజ్వరం గుండె కవాటాన్ని ఇరుకు చేస్తుంది. అందుకే పడుచు వయసువారిలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది.

దడ ఉండగానే దగ్గరి ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించుకోండి. తగ్గాక తీస్తే కాగితం మీద ఏమీ కనిపించకపోవచ్చు. వచ్చిపోయే దడకు 24 గంటల హోల్టర్ పరీక్ష ఉంది. పెద్ద పరీక్షలకు బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉండనే ఉంది. స్పృహ తప్పినా, ఛాతీనొప్పి, ఆయాసం తోడైనా, మూతి వంకర పోయినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

వేగం తగ్గించే మాత్రలు వేరు, గడ్డకట్టనివ్వని మాత్రలు వేరు. "దడ తగ్గింది కదా" అని రెండోదాన్ని మానేసేవారే ఎక్కువ ప్రమాదంలో పడతారు. కీళ్ళవాతం వల్ల కవాటం చెడినవారికి కొత్త మందు రివరాక్సబాన్ కన్నా వార్ఫరిన్ వంటి పాత మందులే మేలని, భారతీయ రోగులు కూడా పాల్గొన్న ఇన్విక్టస్ పరిశోధనలో 2022లో తేలింది. ఖరీదైనదే మంచిదనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. వార్ఫరిన్ వాడేవారికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తప్పదు. అది సాధారణంగా 2, 3ల మధ్య ఉండాలి. తోటకూర, మునగాకు మానక్కరలేదు. కాని ఒక వారం అసలు లేకుండా, మరో వారం పూటపూటా తినకండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. పన్ను పీకించుకోవాల్సి వస్తే ఈ మందు సంగతి ముందే డాక్టరుగారికి చెప్పండి.