మృతసముద్రపు టడుగున చిక్కిన నీరు



చెఱువెండి, పైమట్టి నెఱ్ఱెలు విచ్చిన పిదపను, రెండు మూరలు త్రవ్వినచో లోపల తడి యుండుట మీ రెఱిగినదే. అది చెఱువు నిండియున్ననాటి నీరు. ఇట్లే లోతైన సరస్సుల యడుగుమట్టిలో వేలయేండ్లనాటి నీరు చిక్కియుండును. అట్టి యొక సరస్సును గూర్చి నేడు ముచ్చటించెదను.

మృతసముద్రము పేరునకు సముద్రమే గాని నిజమునకు సరస్సు. అది ఇజ్రాయేలు, జోర్డాను దేశముల ప్రాంతమున, సముద్రమట్టమునకు 430 మీటర్లకు పైగా దిగువ నున్నది. జోర్డాను నది అందు వచ్చి చేరును. వెలుపలికి పోవు దారి లేదు. నీరు ఆవిరియై పోవును, లవణములు నిలిచిపోవును.

సాధారణ సముద్రజలమున సోడియము మగ్నీషియముకంటె ఎనిమిదిరెట్లు అధికము. ఇచ్చట మగ్నీషియమే అధికము. దీని కారణము మన తీరపు ఉప్పుమడులలో కనబడును. ఉప్పు గడ్డకట్టునప్పుడు సోడియము దానితో పోవును. మగ్నీషియము మిగిలిన నీటిలో నిలిచి, దానిని చేదు చేయును. కావున మగ్నీషియము హెచ్చినకొలది సరస్సు అంతగా ఎండినదని గ్రహింపవచ్చును.

2010, 2011 సంవత్సరములలో పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి, సుమారు 300 మీటర్ల నీటిక్రింద, అడుగుమట్టిని 450 మీటర్ల వరకు తొలిచి పైకి తీసిరి. అందలి నీటిని వేరుచేసి పరీక్షించిరి. మంచుయుగమునాటి నీరు కొంత పలుచనగా నున్నది. సుమారు 1,20,000 ఏండ్లనాటి పొరలలో దట్టమైన ఉప్పును, మగ్నీషియము హెచ్చిన నీరును కనబడినవి. నాడు వానలు తగ్గి సరస్సు మిక్కిలి కుంచించుకొనిపోయినది. మట్టిలో లవణములు మెల్లగా ప్రాకును గనుక ఈ నీరు ఏటేటి లెక్క చెప్పజాలదు. వేలయేండ్ల లెక్క చెప్పగలదు.

నాటి క్షామము ప్రకృతివలన కలిగినది. నేటిది వేఱు. జోర్డాను నీటిని చుట్టుపట్ల దేశములు త్రాగుటకును సేద్యమునకును మళ్ళించుకొనుచున్నవి. లవణముల కర్మాగారములును సరస్సునీటిని ఎండించుచున్నవి. నీటిమట్టము ఏటేట మీటరునకు పైగా దిగుచున్నది. సరస్సు వెనుకకు తగ్గినచోట మంచినీటి యూటలు భూమిలోని పాత ఉప్పుపొరలను కరగించుటచే, తీరమున వేలకొలది గోతులు క్రుంగినవి. తోటలు, బాటలు పాడైనవి.

ఆ నీటిని మళ్ళించినవారు దాహమునకై, పంటకై మళ్ళించిరి, అది తప్పనలేము. కాని ఎగువ మళ్ళించిన ప్రతి పాయకును దిగువ నొక నష్టము కలదు. కాలువ త్రవ్వకముందే దాని నెంచుట పెద్దల ధర్మము.