పాత పట్టమా, కొత్త పట్టమా?

(సోలాపురమున మన తెలుగు కుటుంబముల సమావేశములో చేసిన ప్రసంగపాఠము)



మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు వ్యాపారములో దిగినవారము. కంప్యూటరు విద్యను గురించి మాటలాడుటకు మాకు అర్హత యేమని మీరడుగవచ్చును. సరకు కొనువాడు దాని గడువు చూడవలెనన్న సంగతి మాత్రము మాకు తెలియును. అది తెలిసియు చూడకపోవుటచేతనే మా యింట నష్టము కలిగినది.

మా మేనల్లుడు డిగ్రీ ముగించి ఉద్యోగమునకై వెదకుచుండగా, ఒక శిక్షణాలయమువారు ఎం.సి.ఎస్.ఏ. సర్టిఫికెట్టు సంపాదించినచో కొలువు తథ్యమనిరి. మా సోదరి చేతి గాజులు కుదువబెట్టి రుసుము చెల్లించినది. ఒప్పందము ఆంగ్లమున నుండెను. మేమే పూచీగా సంతకము చేసితిమి. నెలల తరబడి చదివి పరీక్షకు పేరు నమోదు చేయబోగా, ఆ పరీక్షయే లేదని తేలినది. మైక్రోసాఫ్టు సంస్థ ఎం.సి.ఎస్.ఏ., ఎం.సి.ఎస్.ఇ., ఎం.సి.ఎస్.డి. పరీక్షలను 2021 జనవరి 31వ తేదీతోనే ముగించినది.

ఈ మార్పునకు కారణము కలదు. పూర్వము ప్రతి కంపెనీయు తన సర్వరు యంత్రములను తన యింటనే ఉంచుకొనెడిది. కనుక పట్టములును విండోస్ సర్వరు వంటి సరకును బట్టి ఏర్పడెను. నేడు అనేక కంపెనీలు ఆ శక్తిని క్లౌడు పేర దూరమునుండి అద్దెకు తీసికొనుచున్నవి. అందుచే కొత్త పట్టములు చేయవలసిన పనిని బట్టి ఏర్పడినవి. అజూర్ అడ్మినిస్ట్రేటరు పట్టము అట్టిది. దాని గడువు ఒక్క సంవత్సరమే. గడువు తీరకముందు ఆరు నెలలలోపల ఇంటర్నెట్టులో ఉచితముగా పునరుద్ధరించుకొనవచ్చును. గడువు దాటినచో మరల పరీక్ష వ్రాయవలసినదే.

అయినను పాత పేరు గలదెల్ల పాతది గాదు. సిస్కోవారి సి.సి.ఎన్.ఏ. పేరు పాతదే. కాని 2020 ఫిబ్రవరి 24న దాని పలు శాఖలను కలిపి, పాఠ్యమును మార్చి, 200-301 అను ఒకే పరీక్షగా చేసిరి. దాని గడువు మూడు సంవత్సరములు. కనుక పేరు చూచి మోసపోరాదు, పేరు చూచి త్రోసివేయనురాదు. పరీక్ష సంఖ్యను చూడవలెను.

పాత పట్టము గలవారు దిగులు చెందనక్కరలేదు. మన పెద్దలు చేతిమగ్గము విడిచి మరమగ్గము పట్టినప్పుడు, నూలు నంబరు, పడుగు, పేక ఎరిగినవారి నేర్పు వ్యర్థము కాలేదు. అట్లే నెట్‌వర్కు, లైనక్సు, వాడుకరుల అనుమతులు మున్నగు మూలవిద్యలు కొత్త పనిలోను అక్కరకు వచ్చును. పాత పట్టమును దాని సంవత్సరముతోసహా దరఖాస్తులో వ్రాసి, ప్రక్కన కొత్తదొకటి చేర్చుట ఉచితము.

మా మేనల్లుడు అట్లే చేసెను. మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్టులో ఉచితముగా నుంచిన పాఠములు చదివి, పరీక్ష రుసుము మాత్రమే చెల్లించి, అజూర్ పట్టము పొందెను. ఉద్యోగమింకను కుదురలేదు, పిలుపులు మాత్రము వచ్చుచున్నవి. గాజులు ఇంకను తాకట్టులోనే యున్నవి. ఈ మాట సభలో చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది. అయినను మరియొక తల్లి గాజులు పోరాదని చెప్పుచున్నాము.

రుసుము చెల్లించుటకు ముందు మూడు పనులు చేయుడు. పట్టమిచ్చు సంస్థ యొక్క సొంత వెబ్‌సైటులో ఆ పరీక్ష నడచుచున్నదో లేదో చూడుడు. ఉద్యోగ ప్రకటనలలో ఏ పట్టము నడుగుచున్నారో గమనింపుడు. పరీక్ష రుసుము శిక్షణ రుసుములో చేరియున్నదో లేదో వ్రాతమూలకముగా అడుగుడు.

ఇంట తెలుగును, బడిలో మరాఠీయు నేర్చిన మనకు ఆంగ్లపు ఒప్పందము చదువుట కష్టమే. మనలో ఈ ఉద్యోగములందున్న యువకులు కొందరు ఆదివారమున ఒక గంట సంఘమునకు ఈయవలెనని కోరుచున్నాము. ఎవరు కాగితము తెచ్చినను వారు దానిని చదివి తెలుగున చెప్పవలెను. అది వినిన పిమ్మటనే సంతకము చేయుదము.